మడమ తట్టినా అందని మాట

మా మేనత్త ఉద్యోగం ఎందుకు మానేసిందో తెలిసేదాకా నాకు అన్నం సయించేలా లేదు. నాటకశాల నుంచి పోవాల్సిన డైరెక్టరు ఎలాగూ పోయాడు. అతని స్థానంలో వచ్చినావిడ స్వయంగా ఇంటికొచ్చి బతిమాలింది. అయినా మా అత్త ససేమిరా అంది. పెళ్లికి ముందునుంచీ చేస్తున్న ఉద్యోగం మరి.

అత్త నాటకశాలలో ప్రాంప్టరు. వేదిక ముందంచున, ప్రేక్షకులకు కనబడని ఇరుకు అరలో కూర్చునేది. మాట మరిచిన నటుడు మడమతో చెక్కను తట్టేవాడు. అత్త గుసగుసగా అందించేది, అతను పైకి అనేవాడు. తనతో మాట్లాడటం మానేసిన నటుడికైనా అందించాల్సిందే. ఇంట్లోనూ అదే తంతు. మామయ్య కూడా మాట తోచకపోతే నేలకు మడమ తడతాడు. పోట్లాటల్లో, పాపం, ఆయన తిట్టబోయే తిట్టు కూడా ఆవిడే అందిస్తుంది.

డైరెక్టరు గదిలోకి పిలిచి చెయ్యి పట్టుకున్నాడని ఒక కొత్త నటి ఫిర్యాదు చేయడంతో నాటకశాల అట్టుడికిపోయింది. ఆయన జవాబు బట్టీపట్టి, విలేకరులను వేదిక దగ్గరికే పిలిచాడు. ఎందుకైనా మంచిదని ఆ జవాబు రాసిన కాగితమిచ్చి అత్తను అరలో కూర్చోమన్నాడు.

కూరగాయలు తరుగుతున్న అత్త పక్కన చేరాను. "ఆ రోజు అసలేమైందత్తా?"

"బాగానే మొదలెట్టాడే. 'ఆ అమ్మాయి' అని ఆగాడు. మడమ తట్టాడు. మళ్లీ తట్టాడు."

"నీకు మాట తెలుసుగా?"

"తెలియకేం. 'నా గదికి ఎప్పుడూ రాలేదు' అనాలి. ఆ గదిలోంచి వచ్చి ఆ పిల్ల ఏడ్చింది నా భుజమ్మీదే."

అత్త పెదవి కదపలేదు. డైరెక్టరు అలవాటుకొద్దీ అర వైపు వంగి, "అందించవేం?" అన్నాడు. మైకు ఆ మాటను అందరికీ వినిపించింది. విలేకరులు నవ్వారు. నటీనటులెవరూ నవ్వలేదట. ఆ వారంలోనే ఆయన్ను సాగనంపారు.

"పరువు పోయింది ఆయనదేగా, నువ్వు మానెయ్యడమెందుకు?"

"ఆ అబద్ధం ముందు నా నోట్లోంచి రావాలి కదే. అందుకే మింగేశాను. మళ్లీ అడిగినా మింగుతాను. కానీ మడమ తట్టినా నేను పలకలేదని అందరూ చూశారు. ఇకమీదట తట్టే ప్రతివాడూ 'ఈవిడ అందిస్తుందా, లేదా' అని ఒక్క క్షణం అనుకుంటాడు. ఆ అనుమానంతో ఎవరూ నటించలేరు."

"బాధగా లేదా?"

"ఎందుకుండదు? ఆ అరంటే నాకు ప్రాణం."

అత్త కత్తిపీట పక్కన పెట్టేసింది. గుమ్మంలో మామయ్య ఎప్పుడొచ్చాడో, అన్నీ విన్నట్టున్నాడు.

"నువ్వు..." అన్నాడు. ఆగాడు. చెప్పులేని మడమతో నేలను తట్టాడు.

అత్త ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "'నువ్వు చేసింది సరైన పనే' అనాలి," అని అందించి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నువ్వు చేసింది సరైన పనే," అన్నాడు మామయ్య, పొల్లుపోకుండా.