వంద గజాల దగ్గర కట్టిన పోగు

తెల్లవారినప్పటి నుంచీ ముసురు. కరెంటు వస్తూ పోతూ ఉండడంతో సిరిసిల్లలో మా వాడకట్టు మరమగ్గాలు, మా మాటలో సాంచాలు, ఆగి ఆగి నడుస్తున్నాయి. నేను కండె మారుస్తుండగా పెద్దబాపు బిడ్డ కోరుట్ల నుంచి ఫోన్ చేసింది. "బాపు పోయిండు అన్నా" అంది. ఊపిరాడక ఆయన ఆమె ఇంటికి వెళ్ళి పదిహేను రోజులైంది. నేను సాంచా బంద్ చేసి బయలుదేరాను.

ఆయన మా బాపుకు అన్న. అచ్చులు అతికేవాడు. మగ్గాల పని తెలియనివారికి చెబుతాను. నిలువు పోగులు చుట్టిన కొత్త భీమును సాంచా మీద ఎక్కించినప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాలి. వేల పోగులుంటాయి. పెద్దబాపు వేళ్ళకు బూడిద రాసుకుని కూర్చున్నాడంటే చాయ్‌కి కూడా లేచేవాడు కాదు. పెళ్ళి పందిట్లో పక్కవాడి కండువా పోగు ఊడినా ఆయన వేళ్ళు దాని మీదికి పోయేవి. "తెగింది చూసి ఊకుంటె బట్ట పొడుగూత గీత పడ్తది" అనేవాడు.

మూడేళ్ళ కిందట ఆర్డర్లు లేక సాంచాలు నెలల తరబడి మూతపడ్డాయి. దారం ఇప్పించాల్సిన అధికారి కోసం ఎన్నిసార్లు ఆఫీసుకు పోయినా మీటింగులో ఉన్నాడన్నారు. ఇంటికే పోదామన్నది నేను.

"ఇంటికెందుకురా? ఇంట్ల ఆడోళ్ళు, పిల్లలు ఉంటరు" అన్నాడు పెద్దబాపు.

"ఆఫీసుల దొరుకుతలేడు గద పెద్దబాపూ. మన ఇండ్లల్ల పిల్లలు లేరా?"

"వస్త. కని హద్దు దాటుడు ఉండద్దు" అన్నాడు చివరికి.

వాడకట్టు వాళ్ళమంతా ఆ సారు గల్లీకి ధర్నాకు పోయాం. అధికారుల ఇళ్ళకు వంద గజాల ఇవతలే కూర్చోవాలని పోలీసుల ఆర్డర్. ఆ వంద గజాలు ఎక్కడిదాకానో చూపించేవారు లేరు. పెద్దబాపు గేటు నుంచి అడుగులతో కొలిచాడు. సంచిలోంచి దారం కోన్ తీసి, గల్లీకి అడ్డంగా, ఈ పక్క కరెంటు స్తంభానికీ ఆ పక్క షట్టర్ కొక్కేనికీ ఒకే ఒక్క పోగు కట్టాడు.

"ఏం పెద్దన్నా, సారు ఇంటికి చీర నేస్తున్నవా ఏంది?" అన్నారెవరో.

"అంచు కడుతున్న. దాటితె నీ కాళ్ళే కట్టేస్త."

మధ్యాహ్నం దాకా ఆ పోగును ఎవరూ తాకలేదు. పోలీసులు కూడా వంగి దాని కింది నుంచే వెళ్ళారు.

మూడు గంటలకు గేటు తెరుచుకుని సారు కారు వచ్చింది. మేము పక్కకు జరిగాం. పోగు కారుకు తగిలి తెగింది. కారు ఆగలేదు. షట్టర్ వైపు కొసను గాలి గేటు దిక్కుకు విసిరింది. పెద్దబాపు లేచి, స్తంభం వైపు కొస చేత పట్టుకుని, రెండో దాని కోసం ఆరేడు అడుగులు లోపలికి వెళ్ళాడు.

"ఓ ముసలాయనా, హద్దు దాటినవ్!" కానిస్టేబుల్ అరిచాడు.

"పోగు తెగింది సారూ. అతికి వస్త."

రెండు కొసలూ కలిపి మెలిపెడుతుండగా చెయ్యి పట్టి గుంజారు. అది చూసి మేము ముందుకు ఉరికాం.

అధికారి ఇంటి మీదికి దౌర్జన్యంగా వెళ్ళామని ఐదుగురి మీద కేసు రాశారు. మొదటి పేరు ఆయనది. తప్పు ఒప్పుకుని జుర్మానా కడితే అయిపోతుందన్నాడు వకీలు. నలుగురం ఒప్పుకున్నాం. అందులో నేనూ ఉన్నాను. పెద్దబాపు ఒప్పుకోలేదు.

"కడితె ఇంటి మీదికి పోయిన అన్నట్టే గదరా. నేను పోలే. జడ్జిసాబు నోటితోని గా మాట అనాలె."

మూడేళ్ళు వాయిదాలకు తిరిగాడు. ప్రతిసారీ అదే తెల్లచొక్కా, ఇస్త్రీ చేయించుకుని. నేను జుర్మానా కట్టినందుకు ఒక్క మాట అనలేదు. "నీకు పిల్లలున్నరు కొడుకా" అన్నాడంతే.

మొన్నటి వాయిదాకు ఆయన మరణ ధ్రువపత్రం పట్టుకుని నేను వెళ్ళాను. పేరు మూడుసార్లు పిలిచారు. వకీలు కాగితం అందించాడు. ముద్దాయి చనిపోయినందున కేసు ముగిసిందని రాసుకున్నారు. ఇంటి మీదికి పోయాడా లేదా అన్నది ఎవరూ చెప్పలేదు.

తిరిగి వస్తూ ఆ గల్లీలోంచి నడిచాను. స్తంభానికి ఆయన వేసిన ముడి అట్లాగే ఉంది. పాలిస్టర్ దారం కాబట్టి చివకలేదు. జానెడు పోగు నల్లబడి వేలాడుతోంది.

ఆ ఇంట్లో ఇప్పుడు వేరే సారు ఉంటున్నాడు. పాత సారు రెండేళ్ళ కిందటే జగిత్యాలకు బదిలీ మీద వెళ్ళాడు. పెద్దబాపు మంగళవారం పొద్దున ఆరున్నరకు పోయాడు.