గద్వాల పెళ్లికార్డు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లు మోశాను. పెద్దదేం కాదు, ఒక్క మాట. వనపర్తిలో ఏ దుకాణం బోర్డు చూసినా అది గుర్తొస్తుంది. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

బస్టాండు దగ్గర పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు వేసే షాపులో నా పని. పక్క కంప్యూటర్ ముందు నసీం కూర్చునేది. నాకంటే చిన్నది, నా తర్వాత చేరింది. నేనే పని నేర్పాను. ఏడాది తిరక్కుండా నాకే నేర్పడం మొదలుపెట్టింది. కోపం రాలేదు, నిజం. ఆ పిల్ల పక్కనుంటే పొద్దు తెలిసేది కాదు. ఒకరి డబ్బాలోది ఒకరం తినేవాళ్లం.

మా దగ్గర అందరూ లావు అక్షరాలే అడుగుతారు. బంగారు అంచు, కింద నీడ, దూరం నుంచి కనపడాలని హుకుం. నసీం మాత్రం రెండు ఫాంట్లు పక్కపక్కన పెట్టి, సంబంధం ఖాయం చేయడానికి వచ్చిన పెద్దమనిషిలా చాలాసేపు చూసేది. రెండూ అరిస్తే ఏదీ వినపడదనేది.

ఒకసారి గద్వాల ముస్లిం కుటుంబం వాళ్ల పెళ్లికార్డు వచ్చింది. ఉర్దూ కుడి నుంచి, తెలుగు ఎడమ నుంచి. ఉర్దూ వరుస ఏటవాలుగా కిందికి జారుతుంది. తెలుగుకేమో కింద ఒత్తులు వేలాడతాయి. మామూలుగా ఆ రెండూ ఒకే కార్డులో తగవు పడ్డట్టే ఉంటాయి. నసీం లావు ఫాంటు తీసేసి సన్నని, గుండ్రని తెలుగు పెట్టింది. ఒత్తులకు ఊపిరాడేంత చోటు వదిలింది. రెండు లిపులూ నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి మధ్య మడత దగ్గర కలిశాయి. చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అసూయా? కాదనే అనుకుంటున్నాను. ఇంత పనితనమున్న పిల్ల మా దగ్గర ఎన్నాళ్లుంటుందన్న భయం.

కార్డు అడుగున చిన్నక్షరాల్లో మా షాపు నంబరు వేస్తాం. ఆ పెళ్లికి వచ్చిన హైదరాబాద్ ఆయనెవరో ఆ నంబరుకు ఫోన్ చేశాడు. డిజైన్ ఆఫీసు నడుపుతాడట. ఇలా రెండు లిపులు కలపగల మనిషి కావాలి, మంచి ఉద్యోగమిస్తానన్నాడు. నసీం బజారుకెళ్లింది. ఫోన్ నేనే ఎత్తాను. ఆ అమ్మాయి మానేసిందండీ అన్నాను. ఆలోచించే అన్నానా? నోటికి అంత తేలిగ్గా ఎలా వచ్చింది? ఆమె లేని కుర్చీ ఒక్కసారి కళ్ల ముందు కనిపించింది, అంతవరకే తెలుసు. అది ప్రేమేనని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ప్రేమే అయితే దాచాల్సిన పనేముంది?

హైదరాబాద్ ఆయన కార్డు చూసి ఫోన్ చేస్తానన్నాడని పెళ్లివాళ్లు నసీంకు ముందే చెప్పారట. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. కొన్నాళ్లు ఎదురుచూసి, ఒకరోజు స్క్రీన్ మీది చూపు తిప్పకుండానే అడిగింది.

"అక్కా, నా కోసం పట్నంకెళ్లి ఎవరన్న ఫోన్ చేసిండ్రా?"

"లేదే. ఏందట?"

"ఏం లేదక్కా. ఊకెనే అడిగిన."

ఆ తర్వాత గిరాకీ ఏ ఫాంటు అడిగితే అదే పెట్టింది. లావువైతే లావువి. మరుసటి ఏడు పెళ్లయి రాయచూరు వెళ్లిపోయింది. నేను భయపడ్డ ఆ కుర్చీ ఎలాగూ ఖాళీ అయింది. ఇప్పటికీ కొత్త ఫాంటు దొరికితే, దీని పక్కన ఏది పెడదామే అని అడగబోయి అటు తిరుగుతాను. ఆ పిల్ల మీద అంత బెంగ నాకు.

పోయిన నెల వాయిస్ మెసేజ్ పెట్టింది. భర్త కిరాణా దుకాణానికి బోర్డు కావాలట, పైన కన్నడం, కింద ఉర్దూ. అక్షరాలు నువ్వే చూడక్కా, నాకు అవన్నీ యాదికి లేవు అంది. నవ్వుతూనే అంది. ఆ మెసేజ్ మళ్లీ మళ్లీ విన్నాను. ఆమె నేర్పినట్టే సన్నని అక్షరాలతో చేసి పంపాను. మంచిగుందక్కా అని జవాబిచ్చింది. అప్పుడు నిజం టైపు చేశాను, చెరిపేశాను. తిడుతుందని కాదు, పోనీ తియ్ అక్కా అంటుందని భయం.

ఆమె అడిగినదానికి జవాబు ఇన్నాళ్లకు మీ ముందు చెబుతున్నాను. కాస్త ఊపిరాడుతోంది. ఫోన్ వచ్చింది, నసీం. నీకోసమే వచ్చింది. నేనే ఎత్తాను.