తొమ్మిదో అంతస్తు వంటింటి తలుపు

ఎత్తైన నివాస భవనాలు భూకంపాన్ని ఎంతవరకు తట్టుకుంటాయో లెక్కగట్టడం మా బాబాయి ఉద్యోగం. చేతిలో చిన్న సుత్తి, చంకలో పాత ప్లాను. ఏ భవనానికి వెళ్లినా స్తంభాల జోలికి పోకముందు ఇల్లిల్లూ తిరిగి, "ఏ తలుపైనా పట్టేస్తోందాండీ?" అని అడిగేవాడు. కింద స్తంభం కాస్త కుంగినా పైనున్న తలుపులకు ముందే తెలుస్తుందని ఆయన నమ్మకం. వందల ఇళ్లలో అడిగాడు. సొంతింట్లో మాత్రం అడగలేదు. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు ఒళ్లు మండింది.

మేమంతా ఉండేది ఒకే పద్నాలుగు అంతస్తుల భవనంలో. బాబాయి వాళ్లది తొమ్మిదో అంతస్తు, మాది నాలుగు. పిన్ని వాళ్ల వంటింటి తలుపు రెండేళ్లుగా పట్టేస్తోంది. ఆమె చెప్పినప్పుడల్లా బాబాయి అంచుకు చిత్రిక పట్టి, "ఇక చూడు, ఒక్క వేలితో తెరుచుకుంటుంది" అని మురిసిపోయేవాడు.

ఆ ఏడు మా భవనాన్నీ పరీక్షించమని అందరూ ఆయన్నే అడిగారు. పై అంతస్తు నుంచి మొదలుపెట్టాడు. పైనున్న అయిదు అంతస్తుల్లోనూ వంటింటి తలుపే పట్టేస్తోందన్నారు. తన ఇంటి వంతు వచ్చేసరికి ఫారం పట్టుకుని గుమ్మంలో నిలబడి, అలవాటు కొద్దీ అదే ప్రశ్న వేశాడు.

పిన్ని గరిటె పక్కన పెట్టింది. "రెండేళ్ల నుంచి గొంతు చించుకుంటున్నాను. ఇవాళ 'అండీ' అన్నారు కాబట్టి మళ్లీ చెబుతున్నా. వంటింటిదే. చెక్కీ చెక్కీ సగం తలుపు మిగిల్చారు."

బాబాయి ముఖం పాలిపోయింది. గబగబా మెట్లు దిగాడు. ఎనిమిది, ఏడు, ఆరు, అయిదు. అక్కడా అన్నిళ్లలోనూ వంటింటి తలుపే. మేమైతే మాది ఎప్పుడో ఊడదీసి మంచం కిందికి తోసేశాం. నేనూ ఆయన వెంట కిందికి దిగాను.

కింద కార్లు నిలిపే చోట, సరిగ్గా మా వంటిళ్ల కిందున్న స్తంభానికి నోటీసుబోర్డు వేలాడుతోంది. దాన్ని తీసి సుత్తితో తట్టాడు. బోలుగా మోగింది. పూత రాలి, వెనక ఏటవాలు పగులు, తుప్పుపట్టిన ఇనుము బయటపడ్డాయి. భూమి గట్టిగా ఊగితే మా వంటిళ్లన్నీ ఒకదానిమీద ఒకటి కూలేవి.

"ఊరందరినీ అడిగాను, మీ పిన్ని మాట చెవిన పెట్టలేదు," అంటూ మెట్లమీద కూలబడ్డాడు. నాకు కోపం పోయి జాలేసింది.

సాయంత్రానికల్లా దూలం కింద దన్నుగా ఇనుప గొట్టాలు నిలబెట్టించాడు. రిపోర్టులో ఏదీ దాచలేదు. సమాచారం ఇచ్చినవారు అన్న గడిలో 'నా భార్య, రెండేళ్ల కిందటే' అని రాశాడు. తర్వాత ఆ స్తంభం చుట్టూ కొత్త ఇనుము కట్టి కాంక్రీటు పోశారు. భవనం పక్కలకు ఊగకుండా కింద రెండు గోడలు లేపారు. వాటివల్ల కారు నిలిపే చోటు పోయినవాళ్లలో బాబాయీ ఒకడు. పిన్నికి కొత్త తలుపు వచ్చింది.

మూడు నెలల తర్వాత, ఒక మధ్యాహ్నం అందరం వాళ్లింట్లో భోంచేస్తుండగా భూమి కదిలింది. గ్లాసుల్లో నీళ్లు తొణికాయి. అందరం బల్ల కింద దూరాం. బాబాయి అక్కడ కూడా వేళ్లమీద ఊపులు లెక్కపెడుతూనే ఉన్నాడు.

అంతా సద్దుమణిగాక సుత్తి కోసం పోతాడనుకున్నాను. పిన్ని వైపు తిరిగి, "వంటింటి తలుపు ఎలా ఉందో చూస్తావా?" అన్నాడు.

పిన్ని వెళ్లి చిటికెన వేలితో తోసింది. తెరుచుకుంది.

"బాగుంది. ఈసారి ముందు నన్నే అడిగారు," అంది.