మా మామ మోటారుకు వచ్చిన బీమారి

ఆ రోజుల్లో సిద్దిపేటలో ఏ కబురైనా "అన్నరట" అని మొదలై "అట్లనట" అని ముగిసేది. పట్నంలో సైన్సు చదివి వచ్చి, మా ఊరి బడిలో కొత్తగా పంతులుగా చేరిన నాకు ఆ "అట" అంటే గిట్టేది కాదు. ఎవరేం చెప్పినా "నువ్వు చూసినవా?" అని అడిగేవాణ్ణి. (అందువల్ల నాతో కబుర్లు చెప్పేవాళ్ళు క్రమంగా తగ్గిపోయారు. దాన్ని నేను శాస్త్రవిజయంగా భావించాను.) ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు కనుక, నాకు రూఢిగా తెలిసినదేదో, విన్నదేదో ముందే విడదీసి పెడతాను. ఒక పాత నల్ల మోటారు మా పశువుల కొట్టంలో, రెండు ఎడ్ల పక్కన, చాలాకాలం నిలబడి ఉండడం నేను కళ్ళారా చూశాను. దాని వెనక సీటు మీద మా ఎర్రకోడి పొదిగిన మాట కూడా నిజమే. ఆ కోడిపిల్లల్ని చేతులతో కిందికి దించింది నేనే. ఇక విన్న సంగతి ఇది: టాంగాలు, సైకిళ్ళు, జనం ఒకరి మీదొకరు పడే పట్నం సందుల్లో తిరిగే మోటారుకు బీమా కిస్తు చాలా ఎక్కువనీ, అదే మోటారు మా వంటి ఊళ్ళో ఉంటే చాలా తక్కువనీ మామ చెప్పాడు. మామకు కంపెనీ మనిషి చెప్పాడు. కంపెనీ మనిషికి ఎవరు చెప్పారో నాకు తెలియదు.

మామ అంటే మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. పట్నంలో ఒక సర్కారు కచేరీలో గుమస్తా. మా అక్క పెండ్లినాడు అందరం పెండ్లికొడుకు ఊరికి బయలుదేరేసరికి ఆలస్యమైంది. అప్పుడు మామ నవ్వుతూ, "బావ ఎడ్లబండి ఎక్కుడుకన్న నడుసుకుంట పోతే పెండ్లి అందుకుంటం," అన్నాడు. మా ఇంటి పందిట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు, మా నాయన తప్ప. (నాయనను మేం బాపు అంటాం.) బాపును ఏమన్నా పడేవాడుగాని ఆయన ఎడ్లను అంటే పడేవాడు కాదు. ఆనాటినుంచి బావాబామ్మర్దుల మధ్య మాటలు లేవు. మామ మా ఇంటికి రావడం మానేశాడు. పట్నం బస్సు ఎక్కేవాళ్ళెవరైనా తెలిసినవాళ్ళుంటే, వాళ్ళ చేతికి అమ్మ ఒక చిన్న మూట ఇచ్చేది. అందులో ఏముందని బాపు అడిగేవాడు కాదు, ఎవరికని అసలే అడిగేవాడు కాదు. ఇట్లా ఏండ్లు గడిచాక మామ పాత మోటారు కొన్నాడని తెలిసింది. "ఎడ్లను ఎక్కిరించి ఇనుమును కొనుక్కున్నడు," అని బాపు గోడతో అన్నాడు. రెండో అవమానం కూడా జమ అయిందని అమ్మ ముఖం చూస్తే అర్థమైంది.

ఒక మధ్యాహ్నం, బాపు చింతమడక దగ్గరి పొలానికి పోయిన వేళ, మామ దొడ్డిదారిన వచ్చాడు. అమ్మ రోట్లో మిరపకాయలు దంచుతున్నది. నేను ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకొని పక్కనే ఉన్నాను.

"అక్కా, బీమా లేకుంటె బండి గడప దాటొద్దని మీ మరదలు పట్టుబట్టి కూసున్నది. పట్నంల బీమా నా జీతానికి అందేటట్టు లేదు. బండి సిద్దిపేటల ఉంటదని రాయిస్తే అందుతది. కొట్టంల ఇంత జాగ ఇప్పియ్యి. కంపెనీ మనిషి ఒచ్చి చూసిపోయినంక తీస్కపోత. లేకుంటె ఇగ అమ్ముకునుడే."

"బావనడుగరాదు."

"బావ నాతోని మాట్లాడితే గద అడిగేది."

అమ్మ రోకలి పైకెత్తి ఆపింది. "ఏందన్నవు, బీమానా?"

"బీమానే."

"ఎక్కువున్నదా?"

"పట్నంల మస్తున్నది, అక్కా."

అమ్మ మళ్ళీ దంచడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకున్నది కూడా, కాని అక్కడ మిరపకాయలున్నాయి కనుక దాన్ని నేను సాక్ష్యంగా తీసుకోలేను.

ఆ సాయంత్రం బాపు అన్నానికి కూర్చున్నాక అమ్మ మెల్లగా అందుకున్నది. "ఇగో, వింటున్రా? మా తమ్ముని మోటారుకు బీమారొచ్చిందట. పట్నంల ఉంటె ఎక్కువైతదట. గీడుంటె తగ్గుతదట."

బీమారి అంటే మా వైపు జబ్బు. బీమా అంటే ఏమిటో అప్పటికి మా వీధిలో నాకు తప్ప ఎవరికీ తెలియదని నా అంచనా. పైగా ఒక్క గుక్కలో మూడు "అట"లు. నేనెట్లా ఊరుకుంటాను? "అమ్మా, బీమారి కాదు, బీ..." అనబోయాను. సెగలు కక్కే పప్పుచారు నా కంచంలో, కొంత నా వేళ్ళమీద, పడింది. "నువ్వు తిను బిడ్డా," అన్నది అమ్మ, ఎంతో ప్రేమగా.

బాపు ముద్ద కలుపుతూ విన్నాడు. జబ్బుచేసిన పశువును బాగుచేయడంలో ఆయనది పెద్దచెయ్యి. ధూళిమిట్ట నుంచి కూడా ఎడ్లను నడిపించుకొని వచ్చేవారు. వచ్చినది ఎవరి ఎద్దని ఆయన ఎన్నడూ అడగలేదు. "నడుస్తున్నదా, పడిపోయిందా?" అన్నాడు.

"నడుస్తదట."

"నోరులేనిదానికి మనుషుల పంచాది ఎందుకు? తెమ్మను."

మోటారు వచ్చింది. బాపు దాని చుట్టూ తిరిగి, ముందుభాగం మీద చెయ్యి వేసి, "ఒళ్ళు కాలుతున్నది," అన్నాడు. పట్నం నుంచి అంతదూరం నడిచిన ఇంజను కాలక ఏం చేస్తుందని నేను వివరించబోయాను. ఆయన వినకుండా గొంగడి తెచ్చి కప్పాడు. చక్రాల కింద ఎండుగడ్డి పరిచాడు. ముందర ఒక బొక్కెన నీళ్ళు పెట్టాడు. దోమలకని వేపాకు పొగ వేయబోతే మాత్రం నేను అడ్డంపడి, పెట్రోలు దగ్గర నిప్పు కూడదని ప్రాధేయపడ్డాను. "పొగ పడదన్నమాట. దమ్ము రోగమున్నదేమో," అని తలూపి, నా జీవితంలో మొదటిసారి నా శాస్త్రాన్ని మన్నించాడు. తరవాత నన్నే పరీక్ష చేయమన్నాడు. మూత ఎత్తి, నాకు తెలిసిన నాలుగు తీగలు కదిపి, దానికేమీ కాలేదని గంభీరంగా ప్రకటించాను. బాపు నన్ను జాలిగా చూసి, "నీకు దొరకలే. లోపటి బీమారి," అన్నాడు.

బావాబామ్మర్దులు ఇంకా నేరుగా మాట్లాడుకోలేదు. శుక్రవారం జుమ్మా సెలవుకు మామ బస్సులో వచ్చి బండిని చూసుకొని పోయేవాడు. "మోటారాయనకు చాయ ఇయ్యిన్రి," అని బాపు ఎడ్లతో చెప్పేవాడు. "చాయ బాగున్నదని చెప్పున్రి," అని మామ మోటారుతో చెప్పేవాడు. కంపెనీ మనిషి ఎప్పుడొస్తాడో తెలియక బండి అక్కడే ఉండిపోయింది. ఇంతలో మా ఎర్రకోడి తెరిచివున్న కిటికీలోంచి దూరి, వెనక సీటు ఎంచుకొని, పొదగడానికి కూర్చున్నది.

ఒక జుమ్మానాడు మామ ఉండగానే కంపెనీ మనిషి వచ్చాడు. సన్నగా, చంకలో సంచీతో, ఎవరినీ నమ్మని ముఖంతో ఉన్నాడు. (ఆ ముఖం చూసి నాకు గౌరవం కలిగింది.) మామ నోరు తెరిచేలోపల బాపు ఎదురుపోయి కొట్టంలోకి తీసుకొచ్చాడు. వచ్చినాయన మోటారు వైద్యుడని బాపు అనుకున్నట్టు మాకు తరవాత తెలిసింది.

"దీని బీమా సంగతి మీకు ఎరికేనా?" అన్నాడు ఆయన.

"ఎరికలేక? మా ఇంటామె అంత చెప్పింది."

"పట్నం బండిని ఈడెందుకు పెట్టిన్రు?"

"పట్నంల ఎక్కువున్నది. ఈడైతే తక్కువైతదని పెట్టినం."

మామ కళ్ళు మూసుకున్నాడు. కంపెనీ మనిషి కలం తీశాడు. "అయితే తక్కువ చేసుకుందామనే తెచ్చిన్రన్నట్టు."

"తక్కువ కాదు సాబ్. మొత్తానికే పోవాలె."

కలం గడ్డిలో పడింది. దాన్ని వెతుక్కుంటూ వంగిన మనిషి వంగినట్టే పైకి చూసి, "నేను గిట్ల పోంగనే మీ బామ్మర్ది దీన్ని పట్నం తోలుకపోతడు. అవునా, కాదా? ఉన్నమాట చెప్పున్రి," అన్నాడు.

మామ బండి, అమ్మ ఆశ రెండూ ఆ ప్రశ్న మీదే నిలిచి ఉన్నాయి. గుమ్మంలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. బాపు మోటారు మీది గొంగడి సర్ది, దాని మీదే చెయ్యి ఉంచి అన్నాడు: "ఎట్ల తోలుకపోతడు? సుస్తుగున్నదాన్ని ఎవలన్న పంపుతరా? నా బామ్మర్దిది అంటే నా ఇంటిదే. వాడు తీస్కపోత అన్నా నేను పోనియ్య. గిది గీడనే ఉంటది."

కొన్నేండ్ల తరవాత ఆ నోటినుంచి "నా బామ్మర్ది" అన్న మాట వచ్చింది. మామ పొరపాటున బాపు వైపు నేరుగా తిరిగి, "బావా," అన్నాడు. ఆపైన మళ్ళీ "బావా" అన్నాడు.

కంపెనీ మనిషి తలుపు తెరిచాడు. కోడి రెక్కలు విప్పి ఆయన వేలు పొడిచింది. వేలు నోట్లో పెట్టుకొని కోడినీ, గుడ్లనూ, చక్రాలకు అల్లుకుంటున్న సాలెగూళ్ళనూ ఒక్కొక్కటే చూశాడు. "పట్నం రోజు తిరిగే బండిల కోడి పొదుగదు," అన్నాడు చివరికి. "గిది సిద్దిపేట బండే." మాటను కాక వస్తువును నమ్మిన ఆ మనిషి మీద నాకు ఈనాటికీ గురి ఉంది.

కిస్తు తగ్గింది. కాని బాపు మాట ఇచ్చాడు కనుక మోటారు నిజంగానే మా కొట్టంలో ఉండిపోయింది. మోటారున్న పట్నం గుమస్తా, తన మోటారు ఎక్కడానికి బేస్తవారం సాయంత్రం బస్సు పట్టుకొని సిద్దిపేట రావలసి వచ్చేది. యుద్ధం రోజులు, పెట్రోలు దొరకడం గగనం. అందుకని చాలాసార్లు మామ చక్రం పట్టుకొని, బాపు పక్క సీటులో కాళ్ళు ముడుచుకొని, బండి కదలకుండానే వానల గురించీ పంటల గురించీ మాట్లాడుకునేవారు. పెట్రోలు దొరికిననాడు కొండపాకదాకా పోయివచ్చేవారు. "ఎడ్లయితే ఎప్పుడో ఒచ్చేటియి," అనేవాడు బాపు దిగుతూ. "నిజమే బావా," అనేవాడు మామ. అమ్మ ఇద్దరికీ కలిపి అన్నం పెట్టేది. మూటలు కట్టడం మానేసింది.

ఇప్పుడు నేనూ పట్నవాసినే, నాకూ ఒక బండి ఉంది. కిస్తు ఎక్కువని ఏటా గొణుక్కుంటూ కట్టివచ్చేటప్పుడు, అన్నీ రుజువు కావాలని తిరిగిన ఆ కుర్ర పంతులు గుర్తుకొచ్చి నవ్వొస్తుంది. ఎందుకంటే నా చెవులారా విన్న ఒక్క సంగతే నాకు తేలలేదు. రోకలి ఆపి "బీమానా?" అని సరిగ్గా పలికిన అమ్మ, పొద్దుగూకేసరికి "బీమారి" అని ఎట్లా అన్నది? పొరబడిందా, లేక ఆరోగ్యంగా ఉన్న బామ్మర్ది బండికి బాపు జాగ ఇవ్వడని ఎరిగి అన్నదా? చాలా ఏండ్లకు, ఆమె మంచి ధోరణిలో ఉన్న ఒకరోజు అడిగాను. చేటలో బియ్యం చెరుగుతూ, తలెత్తకుండా, "ఏదైతే ఏంది బిడ్డా, తగ్గింది గద," అన్నది. ఆ జవాబు రెండు ఊహలకూ సమానంగా సరిపోయింది. మరో ప్రశ్న వేసి తేల్చుకోవచ్చు. పద్ధతి తెలియక కాదు. చెరగడం ఆపి ఆమె నవ్వు దాచుకుంటున్నట్టు అనిపించింది. అది నవ్వో కాదో వంగి చూడబుద్ధి కాలేదు.