తాళం వేయని పెట్టె

మా ముత్తాత వెంకటప్పయ్య నకరికల్లు పక్కన మా ఊరికి మునసబు. తాత రాఘవయ్య ఆ అధికారం అనుభవించిన చివరివాడు. నేను అదే ఊళ్ళో హైస్కూలు సైన్స్ టీచర్ని. జీతం మీద బతకడం మా వంశంలో నాతోనే మొదలు.

ఇది రెండేళ్ళ కిందటి సంగతి. ఆ ఏడు పదో తరగతి పిల్లలచేత ఎస్కేప్ గేమ్‌లు తయారుచేయించాను. ఆడేవాళ్ళను ఉంచి తాళం వేసిన గదిలో నంబర్ తాళాల పెట్టెలు ఉంటాయి. పాఠంలోని చిక్కు విప్పితే నంబర్ దొరుకుతుంది. చివరి పెట్టెలో గది తాళంచెవి ఉంటుంది. ఆడడంలో కన్నా తయారుచేయడంలోనే చదువు ఎక్కువ. పాఠం అర్థం కానివాళ్ళు చిక్కు వేయలేరు.

కరెంటు పాఠం మీద దుర్గ చేసిన గేమ్ అన్నిటికన్నా బాగుంది. వైర్లు సరిగ్గా కలిపితే వెలిగే బల్బులను బట్టి నంబర్ తెలుస్తుంది. వాళ్ళ నాన్న కోటయ్య క్వారీలో రాయి కొడతాడు. పదితో కూతురి చదువు మాన్పించాలని అతని ఆలోచన.

"మా నాన్నను ఆడించండి సార్. నేను చేసింది చూస్తే కాలేజీకి పంపుతాడేమో" అంది దుర్గ.

కోటయ్య వచ్చాడు. ఊరివాళ్ళు కిటికీల దగ్గర చేరారు. అతను వైర్లు అటూ ఇటూ మార్చి చూస్తుంటే బయటినుంచి ఎవరో, "బావా, ఇయ్యాల ఇక్కడే పడుకుంటావా ఏంది?" అన్నారు. అతనూ నవ్వాడు. పెట్టె తాళాన్ని ఊరికే పట్టుకు చూశాడు. ఒక్క అంకె తిప్పకుండానే అది చేతిలోకి ఊడివచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

కోటయ్య తాళాన్ని ఒకసారి చూసి కూతురి వంక తిరిగాడు. "ఏందే, ముందే తీసిపెట్టావా?"

దుర్గ తల వంచుకుంది. పదిమందిలో పెద్దవాళ్ళను ఓడించకూడదని మా వైపు పిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు.

మా ఇంటివాళ్ళు ఒకరి గడపకు వెళ్ళి ఏదీ అడిగి ఎరగరు. దుర్గను కాలేజీకి పంపమని అడగడానికి నేను కోటయ్య ఇంటికి వెళ్ళాను. అతను మంచం వాల్చి నన్ను కూర్చోబెట్టి తను నిలబడ్డాడు.

"నీ మీద గౌరవంతో చేసింది కోటయ్యా."

"గవురవం ఏంది సారూ. క్వారీలో రాయి నన్ను చూసి మెత్తబడుద్దా? తాళం ఊడకపోతే ఊడలేదని ఇంటికి పోయేవాణ్ణి. దాని మార్కులు కూడా ఇట్టాగే ఎవరన్నా తీసిపెట్టారేమో అనిపిస్తంది."

"మార్కులు ఆ పిల్లవే. పేపర్లు దిద్దింది నేను."

"మీరూ గవురవంగానే దిద్దుంటారు."

నేను మంచం మీంచి లేచాను. మా తాతతో పులిజూదం ఆడినవాళ్ళంతా ఓడిపోయి, నవ్వుతూ లేచేవాళ్ళు. ఆయన తెలివికి ఊళ్ళో ఎదురులేదని నమ్మి పెరిగాను. కావాలనే ఆయనను గెలవనిచ్చారేమోనన్న అనుమానం ఆ రోజు ఇంటికి నడిచివస్తుంటే కలిగింది. అందులోని అవమానాన్ని కోటయ్య గుర్తుపట్టాడు. మా తాత గుర్తుపట్టలేదు.

ఇప్పుడు గేమ్ మొదలయ్యే ముందు ప్రతి తాళాన్నీ నేనే లాగి చూస్తాను. ఎదుటివాళ్ళకు ఓడిపోయే వీలు ఇవ్వడం కూడా మర్యాదేనని పిల్లలకు చెబుతాను. దుర్గకు ఆ మాట ముందుగా చెప్పినవాళ్ళు లేరు.

పబ్లిక్ పరీక్షల్లో సైన్స్‌లో మా స్కూలు మొత్తానికి దుర్గే మొదటిది. జూన్‌లో ఆమెను కాలేజీకి పంపలేదు; స్కూలుకు వచ్చే సైకిలును నకరికల్లులో అమ్మేశారు.