బలం గోళీలు

ఒక పొట్లం గురించి మీకు చెప్పాలి. పాత న్యూస్ పేపర్ ముక్కలో మడిచి ఇచ్చిన చిన్న పొట్లం. అది నా చేతిలోంచి పోయి ఏళ్లు గడిచాయి, దాని బరువు ఇంకా దిగలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దేవుడికీ చెప్పలేదు, ఆయన ఎటూ చూశాడు కదా అని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల నడుమ నేను నాచారంలో ఒక సర్కారు దవాఖానాలో నర్సును. పెద్దదేం కాదు, అద్దెకు తీసుకున్న రెండు గదులు, గోడ మీద కుటుంబ నియంత్రణ గుర్తు, ఎర్ర త్రికోణం. మధ్యాహ్నం గాలి మందుల కంపెనీల వైపు నుంచి తిరిగితే తియ్యగా, ఘాటుగా ఒక వాసన గదంతా నిండేది. ఆ వాసనకు రెప్పలు బరువెక్కేవి. మేలుకొని ఉన్నామో కునుకులో ఉన్నామో తెలిసేది కాదు. అందుకేనేమో, ఆ రోజును తలచుకుంటే జరిగినట్టు ఉండదు, కల కన్నట్టే ఉంటుంది. లేక అట్లా అనుకోవడం నాకు సుఖంగా ఉండి అనుకుంటున్నానా?

సన్నగా వాన పడుతోంది. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఎంతసేపైందో నేను చూడలేదు. స్వరూప అందాం, అసలు పేరు వేరే. పదిహేడేళ్లుంటాయి. కాళ్లకు మెట్టెలున్నాయి, వదులుగా ఉంటే దారం చుట్టి తొడుక్కుంది. మా ఉద్యోగంలో ముఖం కన్నా ముందు కాళ్లు చూస్తాం. గర్భం రాకుండా వేసుకునే గోళీలు పెళ్లయినవాళ్లకే ఇచ్చేవాళ్లం. అట్లా అని ఎక్కడైనా రాసి ఉందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

"మీ ఆయన పేరేంది?" అన్నాను.

"సురేషు," అంది.

అంతే, దొరికిపోయింది. మా బస్తీలో పెళ్లయిన ఆడది మొగుడి పేరు అట్లా గబుక్కున చెప్పదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది, పక్కనున్నామెను చెప్పమంటుంది, "గా దేవుని పేరే" అని మనల్ని తిప్పలు పెడుతుంది. ఈ పిల్ల ఒక్క క్షణం తడుముకోలేదు. పైగా ఆ పేరు అనేటప్పుడు కళ్లలో ఒక వెలుగు.

"మెట్టెలెవలియి? అక్కయా, వదినెయా?" నా నోరు మొదటినుంచీ మంచిది కాదు.

తల దించుకుంది. "వదినెయి. నిన్న తప్పయింది నర్సమ్మా. మూడు దినాలల్ల గోళీలేసుకుంటె ఏం గాదని పక్కింటక్క జెప్పింది. జర ఇయ్యరాదు."

"మీ అమ్మను తోల్కరాపో."

"అమ్మకెరుకైతె కాలేజి బంద్ జేపిస్తది. నీ కాల్మొక్త, నువ్వే జర సూడు."

పక్కింటక్క చెప్పింది నిజమే. మామూలు గోళీలనే లెక్క ప్రకారం ఎక్కువగా, మూడు రోజుల్లోపు వేసుకుంటే పనిచేస్తాయని ట్రైనింగులో డాక్టరమ్మ మాకు చెప్పింది. నాకు తెలుసు. బీరువాలో ఉన్నాయి కూడా.

నేను పక్క డబ్బా తెరిచాను. బలం గోళీలు. పసుపు రంగువి, నీరసమని వచ్చిన ప్రతివాళ్లకూ ఇచ్చేవి. పేపర్లో మడిచి చేతిలో పెట్టి, "ఇవేసుకో, ఏం గాదు, పో" అన్నాను. ఆ పిల్ల పొట్లాన్ని కళ్లకద్దుకుని వానలోకి వెళ్లిపోయింది.

ఎందుకు చేశాను? భయమా? అవును, వాళ్లమ్మ వచ్చి రచ్చ చేస్తుందని, డాక్టరమ్మ నిలదీస్తుందని భయం. కానీ ఒట్టి భయమే అయితే, లేవు పొమ్మంటే సరిపోయేది కదా. లేవంటే ఆ పిల్ల ఉప్పల్ పోయేది, ఇంకో దవాఖానా గడప ఎక్కేది, ఇంకా వ్యవధి ఉంది. ఆ వ్యవధిని నేను తినేశాను. బుద్ధి రావాలనుకున్నానా? ఎవరికి? ఇంకొకటి ఉంది, దాని చుట్టే తిరుగుతున్నాను ఇందాకటినుంచి. ఆ పేరు అన్నప్పుడు ఆ కళ్లలో వెలుగు చూసి నాకు కుళ్లు పుట్టింది. మా ఆయన పేరు నేను ఏనాడూ నోటితో అనలేదు. అనాలని అనిపించనూ లేదు.

దసరా వెళ్లాక వాళ్లమ్మ స్వరూప రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. మందుల కంపెనీలో ప్యాకింగు చేసే మనిషి, డ్యూటీ నుంచి అట్లాగే వచ్చింది. అప్పటికి దాచడానికేం లేదు.

"సర్కారు గోళీలు గిట్లనే ఉంటయా? నా బిడ్డ బతుకు ఆగమాయె," అంది.

"బిడ్డను కాసుకునేది ఇంట్లోల్లు. సర్కారొచ్చి ఇంటింటికి కావలుంటదా?" అన్నాను, నలుగురూ వినేట్టు. ఎంత తెగింపు నాకు.

స్వరూప తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. "నర్సమ్మనేమనకమ్మా. ఆమె మంచిగనే ఇచ్చింది. నేనే లేటు జేసిన గావచ్చు."

నేను తర్వాతి మనిషిని లోపలికి పిలిచాను.

కాలేజీ మాన్పించారు. ఆ అబ్బాయి మళ్లీ కనబడలేదు. స్వరూపను ఘట్‌కేసర్‌లో మేనమామ ఇంట్లో ఉంచారు, అక్కడే పాప పుట్టింది. కొన్నాళ్లకు తల్లి చేసే ప్యాకింగు పనిలోకే వచ్చింది. ఉప్పల్ బస్‌స్టాపులో ఎదురైతే "మంచిగున్నవా నర్సమ్మా" అని నవ్వేది. ఒకసారి తనే అంది, ప్యాకింగు లైన్లో ఆడపిల్లలకు చెప్తుంటుందట, గోళీలను నమ్ముకోకున్రి, నాకైతే పనిజెయ్యలే అని. అప్పుడైనా చెప్పాల్సింది. బస్సొచ్చింది, ఎక్కేశాను. అది నేను ఎక్కాల్సిన బస్సు కూడా కాదు.

మధ్యాహ్నం కునుకు పడితే ఇప్పటికీ ఒక్కోసారి ఆ సన్నటి వాన వినిపిస్తుంది. పిల్లల బాధ్యత ఇంటిదా, సర్కారుదా అని మీటింగుల్లో పెద్దవాళ్లు వాదించుకుంటుంటే నేను వెనక కూర్చుని వినేదాన్ని. ఇంట్లో చెప్పుకోలేకనే ఆ పిల్ల సర్కారు దగ్గరికి వచ్చింది. అక్కడ కూర్చున్నది నేను.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. అది ఆమె చేతిలో ఉంది, అడిగే ముఖం నాకు లేదు. పేరు పెట్టకుండా రాస్తున్నాను, అంత పిరికిదాన్ని. అయినా ఇంతవరకు రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఇంక ఒక్క మాటే మిగిలింది, అది మీకు కాదు. స్వరూపా, నువ్వు లేటు చెయ్యలేదు. నేనిచ్చినవి ఆ గోళీలు కావు.