అరువు తోలు

ఇష్‌బెల్‌కి డెబ్బై దాటినా, సరిపోయిన స్వెట్టర్ చేతులు కూడా పైకి మడుచుకునే అలవాటు పోలేదు. స్కాట్లాండ్‌లోని హైలాండ్స్ కొండల్లో, చిన్నప్పుడే అమ్మానాన్నా పోయిన ఇష్‌బెల్‌ని పక్కింటి కిర్స్టీ చేరదీసి, చనిపోయిన తన కూతురి స్వెట్టర్, చేతులు పొడుగైనా, తొడిగింది. దగ్గరికి తీసుకున్నప్పుడల్లా ముందు ఆ ఉన్ని వాసన చూసేది. ఒక్కోసారి కూతురి పేరుతో పిలిచేది. ఎక్కడ పొమ్మంటుందోనని ఇష్‌బెల్ ఆ పేరుకీ పలికేది.

ఈ ఏడాది గొర్రెలు ఈనే కాలంలో కాపరి డూగల్, చచ్చిన గొర్రెపిల్ల తోలు వలిచి తల్లిలేని ఇంకో పిల్లకి తొడిగాడు. పిల్లని పోగొట్టుకున్న తల్లిగొర్రె ఆ తోలు వాసన చూసి పాలిచ్చింది.

"పిచ్చిమొద్దు, ఎలా మోసపోయిందో చూశావా పెద్దమ్మా! రెండ్రోజులాగి తోలు తీసేస్తా. ఈలోగా తన పిల్లని మర్చిపోతుంది."

ఇష్‌బెల్ స్వెట్టర్ చేతులు మడుచుకుంది.

"మర్చిపోదురా. ఊరుకుంటుంది, అంతే."